ఊరి గడ్డి మైదానాన్ని ట్రాక్టర్‌తో చదును చేసుకునే పద్ధతి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తెల్లారకముందే ఏ ఊరి రోడ్డు మీదికి వెళ్లినా ఆర్మీకో, పోలీసు ఉద్యోగానికో తయారవుతున్న కుర్రాళ్లు పరుగెడుతూ కనిపిస్తారు. లారీలు తిరిగే తారు రోడ్డు మీదే 1600 మీటర్ల ప్రాక్టీసు. ఊళ్లో స్థలం లేక కాదు. బడి వెనకో, చెరువు గట్టు దిగువనో ఎకరమో ఎకరంన్నరో గడ్డి నేల ఉంటుంది. కానీ దాని నిండా దర్భ దుబ్బులు, వానలో పశువులు తొక్కిన గిట్టల గుంతలు, ఎప్పుడో దున్ని వదిలేసిన చాళ్లు. పరుగెడితే చీలమండ మడత పడుతుంది.

ట్రాక్టర్ లేని ఊరు ఇప్పుడు లేదు. మట్టిని గీకి జరపడానికి దాని వెనక తగిలించే ఇనప బ్లేడూ అద్దెకు దొరుకుతుంది. అయినా మైదానాలు బాగుపడకపోవడానికి కారణం పని వరస తప్పడమే. అందరూ ముందే బ్లేడు తెప్పిస్తారు. అది గట్టి నేల మీద గడ్డిని గీకి, మిట్ట మీద మిట్టలాగే, పల్లంలో పల్లంలాగే నడిచిపోతుంది. పైనున్న మంచి మన్ను గట్టు పక్కన పోగవుతుంది, కింద ఎర్ర గ్రావెల్ తేలుతుంది. రెండు వానలు పడేసరికి పాత గుంతలు పాత చోటే కనిపిస్తాయి. చదును పనిలో బ్లేడు వంతు చివరికి వస్తుంది. అంతకుముందు నేలను కొలవాలి, గడ్డి తియ్యాలి, పదును (మట్టిలో తగినంత తడి) చూసి మట్టిని వదులు చెయ్యాలి. ఎకరం నుంచి రెండెకరాల మైదానాన్ని దృష్టిలో పెట్టుకుని ఆ వరసంతా రాస్తున్నాను. పశుగ్రాసం వేసే చెలకకైనా ఇదే పద్ధతి, చివర గడ్డి సంగతి ఒక్కటే మారుతుంది.

ఎంత స్థలం కావాలి

400 మీటర్ల పూర్తి ట్రాక్‌కు సుమారు 177 మీటర్ల పొడవు, 93 మీటర్ల వెడల్పు, అంటే దాదాపు నాలుగెకరాలు కావాలి. ఊళ్లో అంత స్థలం దొరకడం కష్టం. 200 మీటర్ల చుట్టుకు 90 మీటర్ల పొడవు, 40 మీటర్ల వెడల్పు సరిపోతుంది. అది ఎకరం లోపే. ఎనిమిది చుట్లు తిరిగితే 1600 మీటర్లు. మధ్యలో 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు ఉండే వాలీబాల్ కోర్టు, దాని పక్కనే కబడ్డీ కోర్టు సుఖంగా పడతాయి.

స్థలం బడిదో పంచాయతీదో అయితే ట్రాక్టర్ దింపే ముందే తీర్మానం రాయించుకోండి. సర్వే నంబరు చూసుకుని హద్దు రాళ్లు ఎక్కడున్నాయో గుర్తు పెట్టించండి. గడ్డిలో కనపడని హద్దు రాయి గొర్రుకు తగిలి లేచిపోతే పక్క రైతుతో తగువు మొదలవుతుంది.

అదును, పదును

ఇక్కడ ఎక్కువ నేలలు ఎర్రవి. ఏప్రిల్‌లో గునపం కూడా దిగదు. ఆ టైమ్‌లో గొర్రు వేస్తే పళ్లు పైపైన జారుతాయి, లేదంటే బండల్లాంటి పెళ్లలు లేస్తాయి. జూలై ఆఖరులో జోరు వానల మధ్య దిగితే చక్రాలు కూరుకుపోయి కొత్త గుంతలు పడతాయి. మే ఆఖరు నుంచి జూన్‌లో తొలకరి జల్లులు పడ్డాక, ఏరువాక పనులు పూర్తిగా ఊపందుకోకముందు ఉండే రెండు మూడు వారాలే సరైన అదును. తర్వాత వచ్చే వానలు మట్టిని కూర్చోబెడతాయి, గడ్డినీ బతికిస్తాయి. ఆలస్యమైతే ఊళ్లో ట్రాక్టర్లన్నీ దమ్ములకు పోతాయి, ఒక్కటీ దొరకదు.

పదును చూడడం రైతులకు నేర్పక్కర్లేదు గానీ, కుర్రాళ్లు పూనుకుని చేసే పని కాబట్టి చెబుతున్నాను. జానెడు లోతు నుంచి మట్టి తీసి పిడికిట్లో గట్టిగా నొక్కండి. ముద్ద కట్టాలి. నడుమెత్తు నుంచి వదిలితే నేల తగిలి విడిపోవాలి. ముద్ద కట్టకపోతే తడి చాలలేదని, పడ్డాక కూడా ముద్దలాగే ఉంటే ఇంకా ఆరాలని అర్థం. గట్టి వాన పడ్డాక ఎర్ర నేలకు రెండు మూడు రోజులు చాలు. నాగావళి, వంశధార పక్కనుండే ఒండ్రు నేలలకైనా, నల్ల నేలకైనా ఇంకా ఆగాలి. భోగాపురం, రణస్థలం వైపు ఇసుక నేలల్లో మర్నాడే దిగొచ్చు.

గడ్డి, రాళ్లు, పుట్టలు

ముందు వారం రోజులు పశువుల్ని, మేకల్ని మేపించండి. మిగిలిన దర్భ దుబ్బుల్ని బ్రష్ కట్టర్‌తోనో కత్తితోనో చీలమండ కన్నా కిందికి కోయించి ఆ గడ్డిని బయటికి మోయించాలి. పొడుగు గడ్డి ఉండగా రోటవేటర్ (తిరిగే కత్తులతో మట్టిని చిదిమే యంత్రం) వేస్తే ఇరుసుకు చుట్టుకుని పది నిమిషాలకోసారి ఆపాల్సి వస్తుంది. గడ్డికి నిప్పు పెట్టకండి. పక్కనున్న జీడితోటకో గడ్డివాముకో అంటుకుంటే ఆపడం మన చేతుల్లో ఉండదు.

గడ్డి దిగాక కాలినడకన నేలంతా తిరగండి. రాళ్లు, జీడి మోళ్లు, కరెంటు స్తంభం స్టే వైరు, కుళాయి పైపు, పాత నుయ్యి పూడ్చిన చోటు, ప్రతిదాని దగ్గరా సున్నం పూసిన రాయి పెట్టండి. ఒక్కరే వెళ్లొద్దు, చేతికర్ర ఉండాలి, కాళ్లకు బూట్లు ఉండాలి. ఇలాంటి గడ్డిలో రక్తపింజరి ఉంటుంది.

పుట్టల సంగతి జాగ్రత్తగా చూడాలి. నాగుల చవితికి ఊరి ఆడవాళ్లు పాలు పోసే పుట్ట అయితే దాని జోలికి వెళ్లకుండా మైదానం గీతనే పక్కకు జరపండి. పెద్దల్ని అడిగితే ఏది పూజ పుట్టో చెబుతారు. మిగతా చెద పుట్టల్ని పైన చెక్కి వదిలితే లోపల బోలుగా ఉండి తర్వాత కుంగుతాయి. మొదలంటా తవ్వించి, ఆ గొయ్యిని తడి మట్టితో పొరలు పొరలుగా దిమ్మిస వేసి పూడ్చాలి. మోళ్లు, పెద్ద రాళ్లు ఎక్కువుంటే ఒక గంట జేసీబీ పెట్టించడం మేలు. ట్రాక్టర్‌కు గొలుసు కట్టి మోడు లాగించే పనికి మాత్రం దిగకండి.

నీటి ట్యూబుతో కొలత

ఈ మెట్టు దగ్గర అందరికీ విసుగు. కానీ పని నిలబడేది దీని మీదే, ఒక్క పూట ఓపిక పట్టండి. కంటికి చదునుగా కనిపించే నేలలో జానెడు తేడా దాగి ఉంటుంది.

తాపీమేస్త్రీల దగ్గరుండే తెల్లటి నీటి ట్యూబు, టేపు, వెదురు గూటాలు, సున్నం చాలు. మైదానమంతా పది మీటర్లకొక గూటం పాతండి. ఒక మూల కదలని రాయినో గోడనో ఆధారంగా తీసుకుని నేల నుంచి 100 సెంటీమీటర్ల ఎత్తున గీత గీయండి. ట్యూబులో బుడగ లేకుండా నీళ్లు నింపి, ఒక కొసలో నీటి మట్టం ఆ గీతకు సరిగ్గా వచ్చేలా ఒకరు పట్టుకోవాలి. రెండో కొస గూటం దగ్గర పట్టుకుంటే అక్కడ నీరు ఎక్కడ నిలిచిందో అక్కణ్ణుంచి నేల దాకా టేపుతో కొలవాలి. అంకె 100 కన్నా తక్కువొస్తే అది మిట్ట, ఎక్కువొస్తే పల్లం. ట్యూబు అందనంత దూరమైతే కొలిచేసిన గూటం మీద అదే మట్టానికి గీత పెట్టుకుని అక్కణ్ణుంచి ముందుకు వెళ్లాలి.

ఉదాహరణకు ఆరు గూటాల దగ్గర 100, 82, 91, 124, 112, 97 వచ్చాయనుకోండి. కూడితే 606, ఆరుతో భాగిస్తే 101. అదే సగటు మట్టం. అయితే తవ్వి పోసిన మట్టి వానకు కుంగుతుంది కాబట్టి తీసే మట్టి (కోత) పోసే మట్టి (పూడిక) కన్నా అయిదో వంతు ఎక్కువుండాలి. అందుకే మట్టాన్ని ఒక సెంటీమీటరు దించి 102 పెట్టుకుందాం. అప్పుడు 82 ఉన్న చోట 20 సెంటీమీటర్లు తియ్యాలి, 91 దగ్గర 11, 97 దగ్గర 5, 100 దగ్గర 2. మొత్తం కోత 38. 124 ఉన్న చోట 22 పొయ్యాలి, 112 దగ్గర 10. మొత్తం పూడిక 32. ఇక బయటి నుంచి ఒక్క ట్రక్కు మట్టి తేనక్కర్లేదు. ప్రతి గూటం మీద ‘తియ్యి 20’, ‘పొయ్యి 22’ అని రంగుతో రాసేస్తే ట్రాక్టర్ డ్రైవరుకు ఎవరూ పక్కన నిలబడి అరవక్కర్లేదు.

మట్టి లెక్క కూడా ఇక్కడే తేలుతుంది. ఎకరం నేల మీద ఒక అంగుళం మట్టి అంటే 3630 ఘనపుటడుగులు, మనం ఇసుక కొనే లెక్కలో 36 యూనిట్లు. సగటున రెండు మూడంగుళాలు జరపాల్సి వస్తే ట్రాక్టర్ బ్లేడు చేయగలదు. చాలా చోట్ల అడుగు పైన కోత తేలితే ముందు జేసీబీతో మోటు పని చేయించి, ఆ తర్వాతే ట్రాక్టర్‌తో సర్దించాలి. లేకపోతే గంటల అద్దె పెరుగుతూనే ఉంటుంది.

నీళ్లు ఎటు పోవాలి

బల్లలా చదునుగా ఉన్న మైదానం వానాకాలంలో మడి అవుతుంది. ఒక్క సెంటీమీటరు వానకు ఎకరం మీద నలభై వేల లీటర్ల నీళ్లు పడతాయి. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు కురిసినట్టు కురిస్తే ఎన్ని నీళ్లో ఊహించుకోండి. అందుకని మధ్యలో ఎత్తు, అంచులకు వాలు పెట్టాలి. నూటికి ఒకటి చాలు, అంటే పది మీటర్లకు పది సెంటీమీటర్లు. 40 మీటర్ల వెడల్పు మైదానంలో నడి గీత అంచుల కన్నా 20 సెంటీమీటర్లు ఎత్తుండాలి. సగటు తీశాక నడి గీత గూటాల లక్ష్యం అంకెలో (పై ఉదాహరణలో 102) పది తగ్గించండి, అంచు గూటాలకు పది కలపండి. నడి గీతకూ అంచుకూ సగం దూరంలో ఉన్న గూటాలకు మార్పు లేదు. మొత్తం మట్టి లెక్క చెడదు. పరుగు సాగే దిశలో మాత్రం వాలు కనపడకూడదు.

అంచుల వెంట అడుగు లోతు కాలువ తీసి ఊరి గెడ్డలోకో (వాగులోకో) చెరువులోకో కలపండి. పక్క రైతు గట్టు మీదికి నీళ్లు మళ్లించకండి. మన చదును వల్ల ఆయన వరి మునిగితే అడగడానికి ఆయనకు హక్కుంది.

దున్నకం

పది సెంటీమీటర్ల కన్నా ఎక్కువ కోత ఉన్న చోట్ల మొదట పైమట్టిని బెత్తెడు మందాన తీసి ఒక పక్క కుప్ప పోయించండి. అడుగున ఉన్న గ్రావెల్ సర్దాక దాన్నే మళ్లీ పైన పరవాలి. ఆ నల్లటి పైమన్ను పోతే గరిక కూడా పట్టదు. ఈ ఒక్క మాట డ్రైవరుకు రెండుసార్లు చెప్పండి.

గడ్డి వేళ్లు గట్టిగా అల్లుకున్న నేలకు మొదట డిస్క్ హారో. పళ్లేలు పెళ్లల్ని ముక్కలుగా కోస్తాయి. తర్వాత తొమ్మిది పళ్ల గొర్రును పొడుగునా ఒకసారి, అడ్డంగా ఒకసారి ఇరువాలు వేయండి. నాలుగు నుంచి ఆరంగుళాల లోతు చాలు, కానీ అన్ని చోట్లా ఒకే లోతు ఉండాలి. ఒక చోట నాలుగు, ఒక చోట తొమ్మిది దిగితే తొమ్మిది దిగిన చోట వానకు కుంగుతుంది. రెక్క నాగలి నేను వద్దంటాను. అది మట్టిని ఒక పక్కకు తిరగేస్తూ మధ్యలో చాలు, అంచున గట్టు మిగులుస్తుంది. చాలా పొలాల్లో మనం ఇప్పుడు చూస్తున్న మిట్టపల్లాలకు ఏళ్ల తరబడి ఒకే దిశలో వేసిన నాగలే కారణం.

ఆఖర్న రోటవేటర్ ఒక్క చుట్టు, అంతకు మించి వద్దు. ఎర్ర మట్టిని పిండిలా చేస్తే మొదటి గట్టి వానకే పైన పెచ్చు కట్టి నీరు ఇంకదు. వేరుశనగ గింజంత నుంచి నిమ్మకాయంత పెళ్లలు ఉన్నా ఫర్వాలేదు. రోటవేటర్ గరికను ముక్కలు చేసి చల్లుతుంది, ప్రతి కణుపూ చిగురిస్తుంది. పంట చేలో అది తలనొప్పి, మైదానానికి మాత్రం లాభమే. తుంగ గడ్డలు బయటపడితే ఏరి పారెయ్యండి.

బ్లేడు, తాటి మొద్దు

ట్రాక్టర్ వెనక చక్రం పల్లంలో దిగితే దాని వెనకున్న బ్లేడూ దిగి తవ్వకూడని చోట తవ్వుతుంది. చక్రం మిట్ట ఎక్కితే బ్లేడు లేచి తియ్యాల్సిన మట్టిని వదిలేస్తుంది. అందుకే ఒకే దిశలో ఎన్నిసార్లు తోలినా నేల అలలు అలలుగా తయారవుతుంది. ప్రతి చుట్టుకూ దిశ మార్చాలి. పొడుగునా, అడ్డంగా, తర్వాత మూల నుంచి మూలకు. “ఏటి బావా, మళ్లీ అడ్డంగానా?” అని డ్రైవరు విసుక్కుంటాడు. “అవును బావా, అడ్డంగానే” అనండి.

లో గేరులో, మనిషి నడక వేగంలో తోలాలి. ఒక్కసారికి రెండంగుళాలకు మించి కోయకూడదు. బ్లేడు అంచు ముందుకు వాలితే తవ్వుతుంది, వెనక్కి వాలితే పరుస్తుంది. మిట్టల మీద మొదటి రకంగా, ఆఖరి చుట్లకు రెండో రకంగా, బ్లేడును పైభాగాన ట్రాక్టర్‌కు కలిపే కడ్డీ అయిన టాప్ లింక్‌ను ఒకటి రెండు చుట్లు తిప్పి సరిచూసుకోవాలి. ‘తియ్యి’ గూటం దగ్గర బ్లేడు నింపి, ‘పొయ్యి’ గూటం దగ్గరకు వచ్చేటప్పుడు హైడ్రాలిక్ లీవరును కొద్దికొద్దిగా ఎత్తుతూ పలచగా వదలాలి. ఒక్కసారి పైకి లాగితే అక్కడ కుప్ప పడుతుంది, అదే రేపటి మిట్ట. లోతు పల్లాన్ని ఒకేసారి నింపకుండా నాలుగంగుళాల పొర పోసి, తడి ఉండగా ట్రాక్టర్ చక్రాలతో తొక్కించి, ఆ తర్వాతే రెండో పొర వేయాలి. పైన లెక్కలోని 22 సెంటీమీటర్ల పూడికను, తొక్కిన తర్వాత కూడా రెండు మూడు సెంటీమీటర్లు ఎక్కువగానే వదలండి.

ఆఖరి మెరుగుకు బ్లేడు కన్నా తాటి మొద్దు బాగా పనిచేస్తుందని నా గట్టి నమ్మకం. తుఫానుకు పడిపోయిన తాటి మానులు ఈ తీరంలో కావలసినన్ని. పదడుగుల వంకర లేని ముక్కలు రెండు తీసుకుని, ఒకదాని వెనక ఒకటి, మధ్య అయిదడుగుల ఎడంతో గొలుసులతో కట్టాలి. ముందు మొద్దు రెండు కొసల నుంచి గొలుసులు తెచ్చి ట్రాక్టర్ వెనక కింద ఉండే లాగుడు కడ్డీ, డ్రాబార్‌కు కలపాలి. బ్లేడులా ఇది ట్రాక్టర్‌తో బిగుసుకుని ఉండదు, చక్రం దిగినా లేచినా మొద్దుకు సంబంధం లేదు. పదడుగుల పొడవున మిట్టలకే ఆనుకుని వాటి నెత్తి గీకుతుంది, ఆ మట్టి తనంతట తానే పల్లంలో రాలుతుంది. వెనక మొద్దు మిగిలిన గీతల్ని చెరిపేస్తుంది. ఒక గొలుసు జానెడు పొడుగ్గా పెడితే మొద్దు కొంచెం ఏటవాలుగా నడిచి మట్టిని పక్కకు కూడా జరుపుతుంది. మధ్యమధ్యలో ఆగి, ముందు పోగైన వేళ్లు, గడ్డి చేత్తో తీసెయ్యాలి.

మొద్దు బరువు చాలకపోతే ఇసుక బస్తాలు కట్టండి. కుర్రాళ్లను ఎక్కించకండి. బ్లేడు మీద, గొర్రు మీద మనిషిని కూర్చోబెట్టడం మన ఊళ్లలో మామూలైపోయింది. జారితే చక్రం కిందో పళ్ల కిందో పడతారు. గొలుసు ఎప్పుడూ డ్రాబార్‌కే కట్టాలి. టాప్ లింక్ కొక్కేనికి కడితే బరువు పట్టినప్పుడు ముందు చక్రాలు లేచి ట్రాక్టర్ డ్రైవరు మీదికే తిరగబడుతుంది. తిరుగుతున్న పీటీవో (ట్రాక్టర్ వెనక యంత్రాల్ని తిప్పే ఇరుసు) దగ్గరికి లుంగీతో, తువ్వాలుతో వెళ్లకూడదు. రోటవేటర్‌లో చుట్టుకున్న గడ్డి తియ్యాలంటే ఇంజను ఆపి, తాళం జేబులో వేసుకున్నాకే.

లేజర్ లెవెలర్ దొరికితే అది వేరే లెక్క. మూడుకాళ్ల స్టాండు మీద తిరిగే లేజర్ కిరణాన్ని ట్రాక్టర్ వెనక మట్టిని లాగే బకెట్ మీది రిసీవరు అందుకుని, బకెట్టును తనే ఎత్తుతూ దించుతూ రెండు సెంటీమీటర్ల లోపు తేడాతో సర్దుతుంది. నూటికి ఒకటి వాలు పెట్టమన్నా పెడుతుంది. కానీ గడ్డి పెళ్లలుంటే బకెట్టు ముందు ఇరుక్కుంటాయి. కాబట్టి పైన చెప్పిన దున్నకం వరకూ ఎలాగూ తప్పదు.

వాన పరీక్ష, గరిక

సర్దడం అయ్యాక గూటాల దగ్గర మళ్లీ నీటి ట్యూబుతో కొలవండి. లక్ష్యానికి రెండు సెంటీమీటర్ల లోపు వస్తే బాగా వచ్చినట్టే. తర్వాత ఒక గట్టి వాన కోసం ఆగాలి. వాన వెలిసిన గంటకు వెళ్తే నీళ్లు నిలిచిన మడుగులు కనిపిస్తాయి. వాటి చుట్టూ సున్నంతో గీత గీసుకుని, ఆరాక పక్కన కొంత మిగిల్చుకున్న పైమట్టితో పూడ్చి పలకతో లాగండి. మళ్లీ వానకు మళ్లీ చూడండి. రెండు మూడు వానలకు నేల కూర్చుంటుంది. అప్పుడు, కాలు పెడితే అచ్చు పడి మట్టి అంటుకోని పదునులో, కల్లంలో వాడే రాతి రోలర్ దొర్లించండి. బురదగా ఉన్నప్పుడు దొర్లిస్తే నేల ఇటుకలా బిగుసుకుపోయి గడ్డి వేరు దిగదు.

గడ్డికి విత్తనం కొననక్కర్లేదు. పొలం గట్ల మీది గరికే మైదానానికి సరైన గడ్డి, తొక్కినా ఎండినా మళ్లీ లేస్తుంది. ఎకరానికి రెండు మూడు ట్రక్కుల బాగా మాగిన పశువుల గత్తం (ఎరువు) చల్లి, వేళ్లున్న గరిక తీగల్ని జూలై ముసురులో అడుగుకొక చోట నాటాలి. కొస రెండు కణుపులు పైకి కనిపిస్తే చాలు. మూడు నాలుగు అంగుళాలు పెరిగాక మొదటి కోత కొయ్యాలి, కోసేకొద్దీ పక్కలకు పాకుతుంది. వయ్యారిభామ మొక్క కనిపిస్తే పూత రాకముందే, చేతికి తొడుగు వేసుకుని వేళ్లతో సహా పీకాలి.

నెలన్నర దాకా పశువులు రాకుండా ముళ్లకంప కట్టించండి. కుర్రాళ్లు కూడా ఆ నెలన్నర అంచు వెంటే పరుగెత్తాలి. తర్వాత ట్రాక్ గీత ఏడాదికోసారి రెండు మీటర్లు లోపలికో బయటికో జరుపుతుంటే ఒకే చోట గాడి పడదు. ప్రతి మే ఆఖరులో కోసిన గడ్డి మీదుగా తాటి మొద్దు రెండు చుట్లు లాగించి, అంచు కాలువలో పూడిక తీయించండి.